వర్జ్యం వెళ్ళాక నొక్కండి

గురువారం ఉదయం నిత్యానందంగారి ఆలోచన చాలా చిన్నది. కాఫీ తాగాలి, లాప్‌టాప్‌కు బొట్టు పెట్టాలి, వర్జ్యం వెళ్ళగానే కూతురి వెబ్‌సైటు తెరవాలి, ఆ తరువాత కాలు మీద కాలు వేసుకుని అది ఎలా బోల్తా పడుతుందో తీరిగ్గా చూడాలి.

ఏలూరులో ఆయన సప్లయి కంపెనీ తెలియనివాళ్ళు లేరు. ఆ కొట్లో దొరకనివి రెండే రెండు, వానా, వియ్యపురాళ్ళ సఖ్యతా అని గిట్టనివాళ్ళు కూడా ఒప్పుకుంటారు. షామియానాలు, కుర్చీలు, వంటవాళ్ళు, సన్నాయి మేళం సరేసరి. కొల్లేటికి దోనెలు పంపుతాడు, కోత అయిన చేలకు బాతుల మందలు పంపుతాడు. ఒకసారి చింతలపూడి వాళ్ళు ఊరేగింపుకు ఏనుగు కావాలంటే రెండు తోలించి, నచ్చింది ఉంచుకుని రెండోది తిప్పి పంపమన్నాడని చెప్పుకుంటారు. తిప్పి పంపిన ఏనుగు మనసు కష్టపెట్టుకుని మూడు రోజులు చెరుకు ముట్టలేదని కూడా అంటారు.

ఇంత వ్యాపారమూ ఒక్క మాట మీద నడిచింది. "మామూలేనండీ" అన్నదే ఆ మాట. ఖాతాదారు ఫోను చేసి, "ఆనందంగారూ, ఆదివారం మనవడి అన్నప్రాసన, మామూలేనండీ" అని పెట్టేస్తాడు. ఎవరి మామూలు ఏమిటో, ఎవరింట ఉల్లిపాయ తగలకూడదో, ఎవరి మేనత్తకు చేతుల కుర్చీ వేయకపోతే పెళ్ళి ఆగిపోతుందో అంతా నిత్యానందం బుర్రలో ఉండేది. దానిని అక్కడి నుంచి దింపి కంప్యూటరులో పెట్టింది కూతురు ఇందుజ.

ఆ పిల్లకు బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఆమెకు మాత్రం ఏలూరు కావాలి, ఈ కొట్టు కావాలి, కొట్టు మీది గదిలో సొంత పని కావాలి. తండ్రీకూతుళ్ళు నెల రోజులు వాదించుకుని చివరికి పందెం కట్టారు. శుక్రవారం సాయంత్రం దీపాలు పెట్టేవేళకు ఒక్క ఖాతాదారు ఫిర్యాదు మిగిలినా ఇందుజ బెంగుళూరు రైలెక్కాలి. ఏదీ మిగలకపోతే పై గది ఆమెది.

"ఇంతకీ ఇందులో మామూలే అని ఎలా చెబుతారమ్మా?" అన్నాడు నిత్యానందం, లాప్‌టాప్ నుదురు ఎక్కడుందో వెతుకుతూ.

"చెప్పక్కర్లేదు నాన్నా, ఖాళీగా వదిలేస్తే చాలు. ఫోను నంబరు కొట్టగానే వాళ్ళ పాత ఆర్డరు తెచ్చి ముందే సిద్ధం చేస్తుంది. దాన్ని ప్రిపేర్ చెయ్యడం అంటారు. ఆ తరవాత వాళ్ళు కొత్తగా ఏం రాస్తే అది దానిమీద నింపుతుంది. అది పాపులేట్ చెయ్యడం. జావాలో ఇదంతా మామూలే."

"అంటే పంక్తిలో విస్తరి వేసి, నీళ్ళు చల్లి, ఉప్పూ ఊరగాయా పెట్టి ఉంచడం ప్రిపేరు. మనిషి కూర్చున్నాక అడిగింది వడ్డించడం పాపులేటు."

"అచ్చం అంతే! ఆ విస్తరినే మోడల్ ఆబ్జెక్టు అంటాం."

నిత్యానందానికి ముచ్చటేసింది గానీ పందెం పందెమే. ఆయన కొట్లో అందరినీ పిలిచి, లారీల మేస్త్రీ అబ్రహాంను ప్రత్యేకంగా ముందు నిలబెట్టి ఆజ్ఞ జారీ చేశాడు. "కంప్యూటరు ఏం రాస్తే అదే చెయ్యండి. సొంత బుర్ర వాడారో, ఊరుకోను. రేపు అది తప్పు చేస్తే అబ్రహాం తప్పు, ఫ్లెక్సీ వాడి తప్పు అని మా అమ్మాయి అనకూడదు."

"బుర్ర సంగతి నాకొదిలెయ్యండి బాబుగారూ. నేనెప్పుడు వాడానండీ?" అన్నాడు అబ్రహాం.

తరువాత ఖాతాదారులందరికీ వాట్సాప్‌లో కబురు వెళ్ళింది. "మన సైటు తెరిచాం. వర్జ్యం వెళ్ళాక నొక్కండి."

చెడింది అక్కడే. మిగతా లోకంలో మనుషులు తోచినప్పుడు నొక్కుతారు. ఇక్కడ శుభకార్యం తలపెట్టిన ప్రతి ఇల్లాలూ, ప్రతి పెద్దమనిషీ ఫోను ఒళ్ళో, పంచాంగం పక్కన పెట్టుకుని బొటనవేలు గాలిలో నిలబెట్టి కూర్చున్నారు. వర్జ్యం గడప దాటిందో లేదో, అన్ని వేళ్ళూ ఒక్క పెట్టున దిగాయి. ఆ అదురుకు కొల్లేట్లో కొంగలు లేచాయంటారు.

అందులో మరుసటి రోజుకే కావాలన్న ఆర్డర్లు రెండు. ఒకటి తాడేపల్లిగూడెం శేషారత్నంగారిది. కోడలు రమ్యశ్రీకి ఏడో నెల, సీమంతం. పూల కుర్చీ, సన్నాయి మేళం, గాజులవాళ్ళు, చలిమిడి, మిఠాయిలు. రెండోది ఆకివీడు దిగువ కొల్లేటి అంచున చేపల చెరువులున్న అబ్బాయిరాజుగారిది. చేప పట్టేసి నీళ్ళు తోడేసిన చెరువులో నత్తలు తినడానికి వెయ్యి బాతులు. ఫ్లెక్సీకి ఫోటో అని ఒక గడి కనబడితే, బాతులకు ఫ్లెక్సీ ఎందుకని ఆలోచించకుండా, రాజుగారు మీసాలు దువ్వుకుని తన ఫోటో పెట్టారు. సందర్భం, ఎవరి కోసం అన్న గడులు మాత్రం వదిలేశారు. బాతులకు సందర్భం ఏముంటుంది?

శుక్రవారం తెల్లవారగానే అబ్రహాం కాగితాలు పట్టుకుని వచ్చాడు.

"బాబుగారూ, అబ్బాయిరాజుగారికి సీమంతమని ఉందండీ."

నిత్యానందం పళ్ళు తోముకుంటున్నాడు. "కంప్యూటరు కన్నా నీకెక్కువ తెలుసా?"

"లేదులెండి. పెద్దింటివాళ్ళు, మనకి తెలియని మర్యాదలుంటాయి," అని తనకు తానే సర్దిచెప్పుకుని అబ్రహాం లారీలు కదిలించాడు.

మొదటి ఫోను రాజుగారిదే. ఆయన ఎంత కోపమొస్తే అంత మర్యాదగా మాట్లాడే మనిషి.

"ఆనందంగారేనాండీ? నమస్కారమండీ. అబ్బాయిరాజునండీ."

"ఆయ్, చెప్పండి రాజుగారూ! అంతా మామూలేనా?"

"మామూలు కాదండీ, చాలా విశేషమండీ. నాకు ఏడో నెలటండీ?"

నిత్యానందం చేతిలోని కాఫీ గ్లాసు తనంతట తాను బల్ల మీదకు దిగింది. "ఏంటండీ?"

"నాకూ ఇప్పుడే తెలిసిందండీ. ఆకివీడు సెంటర్లో పెద్ద ఫ్లెక్సీ కట్టారండీ. నా ఫోటో వేసి, కింద సీమంత మహోత్సవం అని రాశారండీ. మీసాలు బాగా పడ్డాయండీ. మా బావమరిది వచ్చి, బావా పుల్లగా ఏమైనా తినాలనుందా అని అడుగుతున్నాడండీ. మా చెరువు గట్టు మీద సన్నాయి వాయిస్తున్నారండీ. గాజులావిడ నా చెయ్యి పట్టుకుని ఏ సైజని అడుగుతోందండీ. కాస్త తమరే చెప్పండి, ఏ సైజండీ?"

"రాజుగారూ, ఎక్కడో పొరపాటు..."

"పొరపాటు తమదో నాదో తేలాలి కదండీ, ఈ వయసులో!"

ఈ లోగా ఇందుజ ఫోను మోగింది. అందులోంచి ముందు "క్వాక్" అని వినబడింది. ఆ తరువాత శేషారత్నంగారి ఏడుపు గొంతు.

"అమ్మాయ్! మీ నాన్నగారికి నేనేం అపకారం చేశానే? వీధినిండా బాతులే! అరుగు మీద బాతులు, తులసికోట దగ్గర బాతులు! ఒకటి పూజగదిలో దూరి బయటికి రానంటోంది! తణుకు నుంచి మా వియ్యపురాలు అప్పుడే దిగిందే తల్లీ!"

"పిన్నిగారూ, పూల కుర్చీ రాలేదా?"

"కుర్చీ లేదు, షామియానా లేదు. ఫ్లెక్సీ మాత్రం వచ్చింది. ఉండు, ఆవిడే చదువుతోంది, విను!"

దూరం నుంచి వియ్యపురాలు కనకరత్నంగారి గొంతు ఒక్కో మాటా నొక్కి పలికింది. "మా కోడలు రమ్యశ్రీ సీమంతానికి అందరికీ స్వాగతం. పక్కన బాతు బొమ్మ. కింద, ప్రత్యేక సూచన: నత్తలు తప్ప వేరే ఏమీ పెట్టరాదు. బురదలో దించి సాయంత్రం దాకా వదిలేయాలి. కుక్కల నుంచి కాపాడాలి. ఏవండీ వదినగారూ! మా పిల్లను ఇన్నాళ్ళూ ఇలాగే చూసుకుంటున్నారా?"

ఇందుజ లాప్‌టాప్ ముందు కూలబడి, తను రాసిన ప్రోగ్రామును పైనుంచి కిందికి చదివింది. చదువుతూ చదువుతూ ఒక వరుస దగ్గర ఆగి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

"నాన్నా, తప్పు నాదే. ప్రతి మనిషికీ కొత్త ఆబ్జెక్టు తయారుచెయ్యాలి. నేను మొదట్లో ఒక్కటి తయారుచేసి అందరికీ దాన్నే వాడేశాను. ఒకళ్ళు ఖాళీగా వదిలిన గడిలో ఇంకొకళ్ళు రాసింది మిగిలిపోయింది. ఇద్దరూ ఒకేసారి నొక్కేసరికి ఒకళ్ళ సామాను మీద ఇంకొకళ్ళ సామాను పడింది."

నిత్యానందం మెల్లగా లేచి నిలబడ్డాడు. "అంటే పంక్తి అంతటికీ ఒకటే విస్తరా?"

"ఒకటే నాన్నా."

"ఒకళ్ళు తిన్న ఆకులో ఇంకొకళ్ళకి వడ్డించామా?"

ఇందుజ తల వంచుకుంది.

బాతుల సంగతికి చలించని మనిషి, రాజుగారి ఏడో నెలను తట్టుకున్న మనిషి, ఈ మాటకు గోడ పట్టుకున్నాడు. "ఎంగిలాకు! నా కొట్లోనా? లక్షమందికి భోజనాలు పెట్టిన చేతులమ్మా ఇవి!"

"నేను పరీక్ష చేసినప్పుడు బాగానే ఉంది నాన్నా."

"ఒక్కదానివే కూర్చుని తింటే ఎంగిలి ఎలా తెలుస్తుందమ్మా!"

వాదనకు వేళ కాదు. రాజుగారికి తరువాత క్షమాపణ చెప్పుకోవచ్చు గానీ, కడుపుతో ఉన్న పిల్లను బురదలో దించకముందే చేరాలని ఇద్దరూ తాడేపల్లిగూడెం బయలుదేరారు. కారు కన్నా కబురుకు కాళ్ళెక్కువ. వాళ్ళు భీమడోలు దాటకముందే రాజుగారి ఫ్లెక్సీ తణుకు, నల్లజర్ల చుట్టి వచ్చి నిత్యానందం ఫోనులోనే పడింది. కింద ఎవరో "మీకు తెలిసినవారేనా? సుఖప్రసవం కోరుకుందాం" అని రాశారు. దానికి అప్పటికే నూరుమంది దండాలు పెట్టారు. కొందరు ఏ ఆసుపత్రో చెప్పమన్నారు.

శేషారత్నంగారి వీధి మొదట్లో కారు ఆగిపోయింది. ముందు ఒక లారీ, ఒక ఆటో, ఒక పెళ్ళి బస్సు నిలిచిపోయి ఉన్నాయి. బాతులు దారి ఇవ్వడం లేదు. వెయ్యి అని రాశారు గానీ బాతుల మేస్త్రీ జీవరత్నం మంచి మనసున్నవాడు. సీమంతమని తెలిసి కొసరు కూడా తెచ్చాడు. అతను ఇంటి గుమ్మంలో కాగితం పట్టుకుని నిలబడి, దారికడ్డం వచ్చిన కనకరత్నంగారిని బతిమాలుతున్నాడు.

"రాసినట్టే చెయ్యమన్నారండీ. కోడలుగారు ఎవరో చూపించండి, బురద ఎక్కడుందో చూపించండి. దించేసి మా దారిన మేం పోతాం."

"ముందు నిన్ను దించుతాను ఉండు!" అంటూ కనకరత్నంగారు చీపురు తిరగేసింది. "వదినగారూ, ఆ పళ్ళెం ఇలా ఇవ్వండి! మీరు అటువైపు నుంచి తోలండి, నేను ఇటు కాస్తాను!"

"జాగ్రత్త వదినగారూ, ఆ తెల్లది పొడుస్తుంది!" అని శేషారత్నంగారు పళ్ళెం వాయిస్తూ పరుగెత్తింది.

పెళ్ళయినప్పటి నుంచి ఈ వియ్యపురాళ్ళిద్దరూ ఒకరి చీర అంచు ఒకరు కొలుచుకుంటూ మాట్లాడుకోవడమే గానీ ఇలా భుజం భుజం కలిపి యుద్ధం చేయడం ఎవరూ చూడలేదు. పట్టుచీరలు మోకాళ్ళ దాకా ఎగదోపి, ఒకరు చీపురుతో, ఒకరు పళ్ళెంతో బాతులను తరుముతుంటే, బాతులు కూడా మర్యాదగా ముందు ఆవిడకొకసారి, తరువాత ఈవిడకొకసారి అరుస్తున్నాయి.

ఇందుజ ఎలాగో లోపలికి దూరి రమ్యశ్రీ కోసం వెతికింది. ఆ అమ్మాయి కిటికీ దగ్గర గోడకు ఆనుకుని కూర్చుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. చీర కొంగు నోట్లో కుక్కుకుంది. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి.

"అక్కా, క్షమించండి. మీకు ఇంత అవమానం జరిగింది. తప్పంతా నాది..."

రమ్యశ్రీ కొంగు తీసింది. అది ఏడుపు కాదు. నవ్వు. ఊపిరి అందనంత నవ్వు.

"మా అత్తయ్యగారు... బాతుతో... అమ్మా నీకు దండం పెడతాను, దేవుడి గదిలోంచి రావే అన్నారు!" అని మళ్ళీ పడిపోయింది. కాసేపటికి తేరుకుని, "అమ్మా! ఆకలేస్తోందే! ఆవకాయ అన్నం కలుపు!" అని కేకేసింది.

వాకిట్లో పళ్ళెం చప్పుడు ఆగిపోయింది. చీపురు కింద పడింది. నెల తప్పిన దగ్గర నుంచి ఆ పిల్లకు ముద్ద సహించింది లేదు. గుక్కెడు మజ్జిగ తాగితే పండగ చేసుకునేవాళ్ళు. అలాంటిది ఒక ముద్ద, రెండో ముద్ద, పళ్ళెం ఖాళీ చేసి "ఇంకా ఉందా?" అంది. వియ్యపురాళ్ళిద్దరూ నోళ్ళు తెరిచి గుమ్మంలో నిలబడిపోయారు. వాళ్ళ మధ్య నుంచి ఒక బాతు కూడా మెడ చాచి చూసింది.

శేషారత్నంగారు మెల్లగా వెనక్కి తిరిగింది. చెమట తుడుచుకుని నిత్యానందం వైపు నడిచింది. ఇందుజ ఆవిడ నోటి వైపే చూసింది. ఇప్పుడు ఈ నోటి నుంచి ఒక్క మాట వస్తే సోమవారం బెంగుళూరే.

"ఆనందంగారూ!"

"అమ్మా!"

"ఈ బాతులు సాయంత్రం దాకా ఉంటాయా, లేకపోతే ఇప్పుడే తోలుకుపోతారా? పిల్ల రాత్రికి కూడా నాలుగు మెతుకులు తింటే బాగుణ్ణు."

నిత్యానందం ఊపిరి పీల్చుకునే లోపల ఫోను మోగింది. రాజుగారు. ఈసారి వీడియో కాల్. ఇందుజ కళ్ళు మూసుకుంది.

తెర మీద ముందు మీసాలు కనిపించాయి. మీసాల మీద గంధం, నెత్తిన అక్షింతలు. "ఆనందంగారూ, ఫిర్యాదు చేద్దామనే ఫోను చేశానండీ. ఈవిడ చెయ్యనివ్వడం లేదండీ," అని ఫోను పక్కకు తిప్పారు.

చెరువు గట్టున షామియానా కింద పూల కుర్చీలో రాజుగారి భార్య వీరదుర్గ కూర్చుంది. తల నెరిసిన మనిషి. పూలజడ వేశారు. రెండు చేతులా మోచేతుల దాకా ఆకుపచ్చ గాజులు. చుట్టూ ఆ లంక ఊళ్ళ ఆడవాళ్ళంతా చేరి గాజుల కోసం వరుసలో ఉన్నారు. వెనక సన్నాయి ఆగకుండా మోగుతోంది.

"ఆనందంగారూ, మా పెద్దవాడు కడుపులో ఉండగా కొల్లేరు పొంగిందండీ," అంది ఆవిడ. "ఇంట్లో నడుం లోతు నీళ్ళు. చలిమిడి కాదు గదా, పొడి బియ్యం లేవు. సీమంతం తరవాత చేద్దామన్నారు. సీమంతానికి తరవాత ఏముంటుందండీ? వాడికిప్పుడు ఇద్దరు పిల్లలు. ఫ్లెక్సీ మీద ఎవరి పేరుంటే నాకెందుకు? కుర్చీ నాకు సరిగ్గా సరిపోయింది."

"మరి నా పరువండీ?" అన్నారు రాజుగారు తెరలో కనబడకుండానే.

"మీ మీసాలున్నాయిగా, చాలు. ఆ సున్నుండల పళ్ళెం ఇటివ్వండి."

ఇటు తాడేపల్లిగూడెంలో కనకరత్నంగారు ఆ మాటలు వింటూ ఒకసారి కళ్ళు ఒత్తుకుంది. ఆ తరువాత ఫోనులోకి వంగి, "వదినగారూ, మా సామాను మీ దగ్గరే ఉంచుకోండి. మీ బాతులు సాయంత్రం పంపిస్తాం. ఒక రెండు మాత్రం ఉంచుకుంటాం, ఏమీ అనుకోకండి," అంది. ముక్కూముఖం తెలియని ఆ ఇద్దరూ అక్కడికక్కడ వదినలైపోయారు.

దీపాలు పెట్టేవేళకు తండ్రీకూతుళ్ళు కొట్టుకు చేరారు. జరిగిన తప్పులు ఒక లారీకి సరిపోతాయి. మిగిలిన ఫిర్యాదు మాత్రం ఒక్కటీ లేదు. నిత్యానందం చాలాసేపు ఫోను చేతిలో పట్టుకుని, ఎవరైనా తిడతారేమోనని ఆశగా చూశాడు. ఎవరూ తిట్టలేదు. చివరికి దీపం వెలిగించి, పై గది తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

ఇందుజ దానిని ముట్టుకోలేదు. "నేను గెలవలేదు నాన్నా. నా ప్రోగ్రాము తప్పు."

"పందెం తప్పు మీద కాదమ్మా, ఫిర్యాదు మీద. మాట మాటే," అన్నాడు ఆయన. ఆ తరువాత గొంతు గట్టిచేసి, "కానీ నా కొట్లో ఎంగిలాకు ఉండటానికి వీల్లేదు. మనిషికో కొత్త విస్తరి పడాల్సిందే. అది సరిచేశాకే గది సర్దుకో," అన్నాడు.

ఇందుజ తాళంచెవి తీసుకుంది. బెంగుళూరుకు రానని ఉత్తరం రాసి, ఆ చేత్తోనే ప్రోగ్రాము సరిచేసింది. ఇక ఎవరు వచ్చినా వారికి వేరే ఆబ్జెక్టు. వర్జ్యం వెళ్ళిన క్షణాన జిల్లా అంతా కలిసి నొక్కినా ఒకరి గడి ఇంకొకరికి అంటదు. అబ్రహాంను, కొట్లో కుర్రాళ్ళను, ఫ్లెక్సీ వాణ్ణి, జీవరత్నాన్ని పక్కపక్కన కూర్చోబెట్టి ఒక్కసారే నొక్కించి మరీ చూసుకుంది. ఎవరు అడిగింది వారికే వచ్చింది.

బాగుచేశాక మొదటి ఆర్డరు నల్లజర్ల వెంకటరమణగారింటి గృహప్రవేశం. సామాను తెల్లవారగానే చేరింది. కాసేపటికి ఫోను వచ్చింది.

"ఆనందంగారూ, మీరు ఇలా చేస్తారనుకోలేదండీ," అన్నాడు వెంకటరమణ. గొంతులో నిజమైన బాధ.

నిత్యానందం కుర్చీలోంచి లేచాడు. "ఏం తగ్గిందండీ?"

"ఏం తగ్గలేదు. అడిగినవన్నీ వచ్చాయి. అవే వచ్చాయి! చుట్టాలంతా పొద్దున్నే లేచి రోడ్డు మీద నిలబడ్డారండీ, లారీలోంచి ఏం దిగుతుందోనని. కుర్చీలు దిగాయి. గూడేనికి బాతులు, ఆకివీడుకి సన్నాయి, మాకేమో కుర్చీలా? మేమేం పాపం చేశామండీ?"

నిత్యానందం కళ్ళెత్తి పై గది వైపు చూశాడు. అక్కడ కూతురు హాయిగా పని చేసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

"క్షమించాలండీ," అన్నాడు ఆయన వినయంగా. "మా అమ్మాయి దాన్ని బాగుచేసేసింది."